పేర్లున్న గుండ్లు

మాదాపూర్‌లో మా చిన్నప్పుడు ప్రతి గుండుకీ ఒక పేరుండేది. ఏనుగు గుండు, తాబేలు గుండు, దొంగ గుండు, అత్తాకోడండ్ల గుండ్లు. ఆ పేర్లు ఎవరు పెట్టారో మా తాతకు కూడా తెలియదు. బర్రె తప్పిపోతే ఎటు వెతకాలో, సీతాఫలాలు ఎక్కడ కాయకొచ్చాయో, బడి వదిలాక ఎక్కడ కలుసుకోవాలో అన్నీ ఆ పేర్లతోనే చెప్పుకునేవాళ్లం. బడి రిజిస్టర్లో రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం అని ఉండేది. మా నోళ్లలో మాత్రం గుండ్ల పేర్లే ఉండేవి. నేను పుట్టింది 1981లో. హైటెక్ సిటీ అన్న మాట అప్పటికి ఎవరూ వినలేదు.

ఈమధ్య కాలంలో వచ్చిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల్లో నీకు ఇష్టమైనవేమిటని స్నేహితులు అడుగుతుంటారు. అరడజను పేర్లు చెప్పి ఊరుకోవచ్చు. కానీ అవి ఎందుకు ఇష్టమో చెప్పాలంటే నేను ఆ గుండ్ల దగ్గర్నుంచి, మా అవ్వ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా తాత లెక్క ప్రకారం ఆ గుండ్లు రాక్షసుల గోలీలు. "రాత్రంత ఆడుకుంటున్నరంట బిడ్డా. అంతల కోడి గూసింది. తెల్లారితే వాండ్లకు బలముండదు గదా, ఏడి గోలీలు ఆడ్నే ఇడిసిపెట్టి ఉరికిండ్రు." నాకు ఈ కథ ఎన్నిసార్లు విన్నా చాలేది కాదు. చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి చదివాను. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కరిగిన రాయి భూమి లోపల ఎంతో లోతున నిదానంగా చల్లారి గట్టిపడింది. పైనున్న నేల యుగాలపాటు కోసుకుపోయి బరువు తగ్గేసరికి రాయి నిలువుగా, అడ్డంగా పగిలింది. పగుళ్లలోకి దిగిన నీళ్లు మూలల్ని ముందుగా తినేశాయి. మధ్యలో గట్టి భాగం గుండ్రంగా మిగిలింది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోయాక, ఎవరో ఎత్తి ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుగా గుండ్లు బయటపడ్డాయి. నిజానికి వాటిని ఎవరూ ఎత్తి పెట్టలేదు. అవి పుట్టినచోటే ఉన్నాయి, చుట్టూ ఉన్న లోకమే కరిగిపోయింది. తాత కథకు ఈ కథ ఏమీ తీసిపోదని నాకనిపించింది. రెండిట్లోనూ మనిషి పుట్టకముందు ఇక్కడ ఏదో పెద్ద పని జరిగింది.

గుట్టల మధ్య చెలకలు, పరికి కంపలు, ఈత చెట్లు, అక్కడక్కడా చిన్న కుంటలు. తూర్పున దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లు అక్కణ్నుంచే పోయేవని సారు చెప్పేవారు. నాయన తెల్లారకముందే సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు పోయేవాడు. అమ్మ చెలకకు. ఇంట్లో అవ్వ, నేను, అన్న, బర్రెలు.

చందమామ మా ఇంట్లోకి బడి నుంచి వచ్చింది. తెలుగు సారు దగ్గర పాత సంచికలను ఏడాదికొక బొత్తిగా కుట్టించి, అట్టలు వేయించిన బైండ్లు ఉండేవి. శనివారం ఒకటి ఇచ్చి సోమవారం తిరిగి తీసుకునేవారు. పేజీ మడిచినా, నూనె చేత్తో ముట్టుకున్నా ఆ పై వారం పుస్తకం లేదు. అందుకే అన్నా నేనూ చేతులు కడుక్కుని, తువ్వాల పరిచి, దాని మీద బైండు పెట్టి చదివేవాళ్లం.

బేతాళ కథలు అందరికీ తెలిసినవే. శంకర్ వేసిన బొమ్మలో భుజాన శవంతో, చేతిలో కత్తితో విక్రమార్కుడు నడిచే శ్మశానం మాకు భయంగానే ఉండేది. కానీ మా ప్రాణం సీరియళ్ల మీద. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, శిథిలాలయం, రాతిరథం. ఈ పేర్లు ఇప్పుడు వరసగా పలికినా నా ఒళ్లు జలదరిస్తుంది. పత్రికలో వాటికి రచయిత పేరు ఉండేది కాదు. వాటన్నిటినీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని, 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దశాబ్దాలపాటు పేరు లేకుండానే రాశారని నాకు పెద్దయ్యాక తెలిసింది. తెలుగు పిల్లలకు ఊహాలోకం అంటే ఏమిటో నేర్పిన మనిషి 2010లో పోయారు. ఆయనకు దక్కాల్సినంత పేరు ఈనాటికీ దక్కలేదని నా నమ్మకం. ఎవరికి ఎంత పొగడ్త ఇచ్చినా ముందు ఆయన వాటా తీసి పక్కన పెట్టాలి.

ఆ సీరియళ్లలో నేల ఉంటుంది. కొండలు, లోయలు, అడవులు, కూలిన గుళ్లు, వాటి మధ్య నడిచి నడిచి అలిసిపోయే ఇద్దరు కుర్రాళ్లు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అలా నడుస్తూనే ఉంటారు. చిత్ర వేసిన బొమ్మల్లో గుహలు, రాళ్లు అచ్చం మా గుండ్లలాగే ఉండేవి. ఇంకేం, రాకాసిలోయను ఏనుగు గుండు వెనకాల పెట్టేశాం. మకరదేవతను దుర్గం చెరువులో దింపాం. చీకటి పడ్డాక చెరువు వైపు పోవాల్సి వస్తే అన్న కూడా నా చెయ్యి పట్టుకునేవాడు.

అవ్వకు చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక సీరియలు నేను పైకి చదివితే వినేది. విని ఊరుకునేది కాదు. కథానాయకుడు మూడు పగళ్లు, మూడు రాత్రులు గుర్రం మీద పోయాడని చదివానా, ఆపేది. "ఆ గుర్రానికి నీళ్లెవ్వలు దాపిండ్రు?" రాజకుమారిని మాంత్రికుడు ఏడాదిగా కోటలో బంధించాడని చదివితే, "మరి ఆ పిల్లకు ఒండిపెట్టిందెవ్వలు? ఆ వంటామె ఏమైంది?" సైన్యం పొలాల మీదుగా పోయిందంటే, "జొన్న తొక్కిపోయి ఉంటరు. ఆ పంట ఎవ్వలది?" నాకు చిరాకేసేది. కథలో అది లేదవ్వా అనేదాన్ని. "లేకుంటే నువ్వే జెప్పు," అనేది. గత్యంతరం లేక చెప్పేదాన్ని. వంటామెకు ఒక కొడుకున్నాడని, వాడు రాత్రిపూట రాజకుమారికి కబుర్లు మోసేవాడని. అవ్వ తృప్తిగా తల ఊపి, "ఆ, ఇగ సదువు," అనేది.

నేను ఊహాసాహిత్యం చదివే పద్ధతి అక్కడే కుదురుకుంది. ఎంత దూరపు గ్రహం కానీ, ఎంత పెద్ద మాయ కానీ, అవ్వ ప్రశ్నకు ఆ పుస్తకం దగ్గర జవాబు ఉండాలి. గుర్రానికి నీళ్లు తాగించినవాళ్లు అందులో ఎక్కడో ఒకచోట కనబడాలి.

అమెరికా రచయిత ఆండీ వియర్ 2021లో రాసిన ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ నాకంత ఇష్టం కావడానికి కారణం అదే. సూర్యుడి వెలుగు తగ్గిపోతుంటుంది, భూమి చల్లబడి పంటలు పోయే ప్రమాదం. విరుగుడు వెతకడానికి టావ్ సెటి నక్షత్రం దగ్గరికి పంపిన ఓడలో ఒక సైన్సు టీచరు ఒంటరిగా మేలుకుంటాడు. అక్కడ అతనికి ఇంకో లోకం జీవి తారసపడుతుంది. ఐదు కాళ్లు, ముఖం లేదు, పైన రాతిలాంటి పెంకు. అతను దానికి రాకీ అని పేరు పెడతాడు. దాని మాటలు సంగీత స్వరాల్లా వినబడతాయి. ఇద్దరూ ఒక్కొక్క మాట కూడబెట్టుకుంటూ భాష కుదుర్చుకుంటారు. రాకీ జాతిలో ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు పక్కన కాపలా కూర్చోవాలి, అది వాళ్ల మర్యాద. ఈ మనిషిని కూడా అలాగే కాపలా కాస్తుంది. ఆ పేజీల దగ్గర నాకు కళ్లు నిండాయి. రాయికి పేరు పెట్టి పిలిచిన ఊళ్లో పెరిగినదానికి రాతి పెంకున్న స్నేహితుడు కొత్తవాడెలా అవుతాడు?

సుసానా క్లార్క్ ‘పిరనేసి’ 2020లో వచ్చింది, మరుసటి ఏడాది ఇంగ్లండులో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. అంతులేని ఒక భవనం. హాలు తర్వాత హాలు, గోడల పొడవునా పాలరాతి విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. అందులో దాదాపు ఒంటరిగా బతికే ఒక మనిషి. చేపలు పడతాడు, సముద్రపు నాచు ఎండబెట్టి పొయ్యిలోకి వాడతాడు, ఆటుపోట్ల లెక్కలు పుస్తకంలో రాసుకుంటాడు, ప్రతి విగ్రహాన్నీ గుర్తుంచుకుంటాడు. అక్కడ దొరికిన మనుషుల ఎముకలకు నీళ్లు, ఆహారం, కలువపూలు తీసుకెళ్లి పెడతాడు. ఆ ఇంటికి తాను బిడ్డనని అతని నమ్మకం. ఈ పుస్తకంలో ఒక రహస్యం ఉంది, విలన్ ఉన్నాడు, అవన్నీ బాగానే ఉంటాయి. నాకు కావలసింది మాత్రం మొదటి యాభై పేజీలే. ఒక చోటును అంత శ్రద్ధగా, అంత కృతజ్ఞతగా చూసే మనిషిని నేను నిజజీవితంలో మా తాతలోనే చూశాను. కల్లు ముంత పట్టుకుని సాయంత్రం బండ మీద కూర్చుంటే ఏ గుండు నీడ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో చెప్పగలిగేవాడు.

సినిమా సంగతికొస్తే, 1991లో ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు నాకు పదేళ్లు. పాల బాకీ వసూలైన రోజున నాయన మమ్మల్ని తీసుకెళ్లాడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఇళయరాజా సంగీతం. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయల నాటి వజ్రం దొంగతనంతో కథ నడుస్తుంది. ఆ మ్యూజియంకు మమ్మల్ని బడివాళ్లు అప్పటికే తీసుకెళ్లారు, గంట కొట్టే గడియారం బొమ్మ చూసి వచ్చాం. మేము నిలబడిన చోటే కథ మొదలవడం నాకు పెద్ద దెబ్బ. అంటే ఇలాంటివి లండన్‌లోనూ, చందమామలోని ఏదో లోయలోనూ మాత్రమే కాదు, కోఠీ బస్సెక్కి పోయే దూరంలో కూడా జరగొచ్చన్నమాట. బాలకృష్ణ, మోహిని ఉన్న కాలయంత్రం మొదట రాయల కాలానికి, తర్వాత 2504కు పోతుంది. ఇంటికి వచ్చి అవ్వకు కథంతా చెప్పాను. ఐదొందల ఏళ్ల తర్వాతి లోకం గురించి ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "అప్పుడు మన మాదాపూర్ల ఎవ్వలుంటరంట?"

ఆకాశం నుంచి వచ్చే ఆపదలు ఆమెకు కొత్త కాదు. నేను పుట్టడానికి రెండేళ్ల ముందు స్కైలాబ్ పడబోతోందని ఊళ్లన్నీ వణికిపోయిన సంగతి ఆమే చెప్పింది. ఎలాగూ చస్తామని ఉన్న కోళ్లను, మేకలను కోసుకు తిన్నారట. ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం 1979 జులై 11న హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ‘స్కైలాబ్’ అని 2021లో విశ్వక్ ఖండేరావు సినిమా తీశాడు. నిత్యా మేనన్, సత్యదేవ్, రాహుల్ రామకృష్ణ. కరీంనగర్ వైపు బండ లింగంపల్లి అనే ఊరు. ఉపగ్రహం పడుతుందో లేదో అన్నదానికంటే ఊళ్లో ఎవరు ఎవరికి అప్పున్నారు, ఎవరిని ఎవరు గుళ్లోకి రానివ్వరు అన్నవే అందులో పెద్దవి. అది నెమ్మదిగా నడిచిందని చాలామంది పెదవి విరిచారు. నాకు ఆ నడకే నచ్చింది.

మా ఊరి మీద పడింది మాత్రం ఆకాశం నుంచి రాలేదు. 1992లో శిల్పారామం వచ్చింది. తర్వాత సర్వేవాళ్లు, కొలతల గొలుసులు, సున్నపు గీతలు. పాలమూరు నుంచి కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. రాళ్లు పేల్చే ముందు ఒకతను ఎర్రజెండా పట్టుకుని విజిల్ ఊదేవాడు. మేము బర్రెల్ని తోలుకుని అవతలికి పోయేవాళ్లం. ఒక్కసారిగా నేల అదిరేది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే తాబేలు గుండు ఉండేది కాదు. మరుసటి నెలలో దొంగ గుండు. 250 కోట్ల ఏళ్లు కదలనిది ఒక మధ్యాహ్నం కంకర అయ్యింది. ఆ కంకరను తట్టల్లో మోసిన ఆడవాళ్లు సాయంత్రం మా ఇంటికి పాలకు వచ్చేవాళ్లు. వాళ్ల పిల్లలకు అవ్వ కొసరు పోసేది.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. పది అంతస్తుల గుండ్రటి భవనం. నాకు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతున్నాను. ఆ సాయంత్రం దీపాలు చూడటానికి ఊరంతా కదిలింది. నేనూ పోయాను. ఎంత అందంగా ఉందో దాచుకోకుండా చెప్తాను. జీవితంలో అంత వెలుగును ఒకేచోట నేను చూడలేదు. చందమామ బొమ్మల్లోంచి ఏదో కోట దిగొచ్చి నిలబడినట్టు ఉంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఐదేళ్లకు మా పోలీసు కమిషనరేటు పేరే సైబరాబాద్ అయింది. నాయన అప్పటికే చెలక అమ్మేశాడు. బర్రెలు ఒక్కొక్కటే పోయాయి. నేను కంప్యూటర్లు చదువుకుని, ఆ అద్దాల భవనాల్లోనే ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనికి చేరాను. నా బతుకు, నా పుస్తకాలు, నేను కొనుక్కున్న ఫ్లాటు అన్నీ ఆ వెలుగు ఇచ్చినవే.

అయినా ఒక మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఈ ప్రాంతం గురించి చెప్పేటప్పుడు, "ఇక్కడ ముందు ఏమీ లేదు, రాళ్లే," అంటారు. చెప్పేవాళ్లలో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. మెహిదీపట్నం నుంచి వచ్చే బస్సు కిటికీలోంచి చూసిన వాళ్లకు అలాగే కనబడి ఉంటుంది. భవిష్యత్తు గురించి రాసే చాలా పుస్తకాలు కూడా అదే మాట అంటాయి. ఖాళీ గ్రహం, ఖాళీ ఎడారి, అక్కడ వెలిసిన మహానగరం. అలాంటి వాటిని నేను సగంలో మూసేస్తాను.

లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ను మూసేయకపోవడానికి కారణం అందులోని ఒక చిన్న పల్లె. చైనా భాషలో 2006లో సీరియలుగా వచ్చి, కెన్ లియు అనువాదంలో 2015లో హ్యూగో బహుమతి పొందిన నవల అది. అందరూ దాంట్లోని మూడు సూర్యుల లోకం గురించి, దండెత్తి వచ్చే ఓడల గురించి మాట్లాడతారు. నాకు గుర్తుండిపోయింది వేరు. తండ్రిని కళ్లముందు కొట్టి చంపితే మనుషుల మీదే నమ్మకం పోయిన శాస్త్రవేత్త యె వెన్‌జియె, కొండ మీది రహస్య కేంద్రంలో పనిచేస్తూ కాన్పు రోజుల్లో కింది పల్లెవాళ్లకు దగ్గరవుతుంది. ఆ పల్లెవాళ్లు ఆమెకు రక్తమిస్తారు, ఇంట్లో పెట్టుకుని చూసుకుంటారు. పిల్లలు ఆమె దగ్గర పాఠాలు చెప్పించుకుంటారు. అప్పటికే ఆమె నక్షత్రాలకు కబురు పంపేసింది. భూమి తలరాత మారిపోయింది. ఆ సంగతి తెలియని ఆడవాళ్లు దీపం ముందు కూర్చుని ఆమెతో మాట్లాడుతుంటారు. ఎర్రజెండా మనిషి విజిల్ ఊదక ముందటి మా వాడకట్టు నాకు ఆ పేజీల్లో కనబడింది.

మన ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. నాగ్ అశ్విన్ తీసిన ఆ సినిమాకు సింగీతం వారు సలహాదారుగా ఉన్నారని విన్నప్పుడే నాకు సగం కడుపు నిండింది. కథలో మిగిలిన ఆఖరి నగరం కాశీ. గంగ ఎండిపోయింది. నగరం నెత్తిన తలకిందులైన పిరమిడ్‌లా కాంప్లెక్స్ అనే లోకం. నీళ్లు, చెట్లు, తిండి అన్నీ పైన. కింద జనం యూనిట్లు కూడబెడుతూ దుమ్ములో బతుకుతుంటారు. ప్రభాస్ వేసిన భైరవుడికి జీవితాశయం పది లక్షల యూనిట్లు సంపాదించి పైకి పోవడమే. యుద్ధాలు, అశ్వత్థామగా అమితాబ్, మాట్లాడే బండి బుజ్జి, ఇవన్నీ పిల్లలు చెప్పుకుంటారు. నాకు మాత్రం భైరవుడి ఆశ ఒక్కటే పట్టుకుంది. వాడిలో దుర్మార్గం లేదు, పైకి పోవాలనుకుంటున్నాడంతే. సైబర్ టవర్స్ దీపాలు చూసిన రాత్రి నాలో కలిగింది కూడా సరిగ్గా ఆ ఆశే. ఆ సినిమాలో మొదటి గంట కొంత సాగిందన్నది నిజమే. కానీ మన భాషలో ఇంత పెద్ద కల ఒకరు కన్నప్పుడు, అందులో నీళ్లెవరి దగ్గర ఉన్నాయన్న ప్రశ్న నడిమధ్యన ఉన్నందుకు నేను చాలా సంతోషపడ్డాను. గంగ సంగతి అటుంచితే, ఎండాకాలం వస్తే ఈ అద్దాల మేడలకూ అపార్ట్‌మెంట్లకూ ఇప్పటికీ ట్యాంకర్లే దిక్కు. ఆ డ్రైవర్లను ఎప్పుడైనా పలకరించి చూడండి, ఒక్కొక్కరి దగ్గర ఒక నవలంత సరుకు ఉంటుంది.

అవ్వను శిల్పారామం లోపలికి తీసుకెళ్లింది నా మొదటి జీతంతో. అక్కడ పల్లె బతుకును చూపించే మ్యూజియం ఉంది. మనిషంత ఎత్తున బొమ్మలు, మట్టి ఇళ్లు, కుమ్మరి సారె, ఎడ్లబండి. అవ్వ ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగింది. ఒక ఆడమనిషి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, కొంగు సరిచేసుకుని, నాతో అంది: "ఈమెకు పేరు బెట్టలే జూసినవా?" తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు. టికెట్ కొనుక్కుని తన కాలాన్నే తాను చూసి వచ్చింది ఆమె. కాలయంత్రం గురించి ఎన్ని కథలు చదివినా నాకు ఆ మధ్యాహ్నమే ముందు గుర్తొస్తుంది.

అందుకే ‘ఒకే ఒక జీవితం’ నాకు సొంత వ్యవహారం. 2022 సెప్టెంబర్‌లో వచ్చింది, దర్శకుడు శ్రీ కార్తీక్. శర్వానంద్, వెన్నెల కిశోర్, ప్రియదర్శి వేసిన ముగ్గురు స్నేహితులు నాజర్ వేసిన శాస్త్రవేత్త సాయంతో వెనక్కి పోతారు. ఎక్కడికి? 1998 మార్చికి. హీరోకు అమ్మను కాపాడుకోవాలని. అమ్మగా అమల. ముగ్గురూ తమ చిన్నతనాలనే ఎదురుగా చూసుకుంటారు. చివరేమవుతుందో చెప్పను, చూడనివాళ్లు చూడాలి. థియేటర్లో తెర మీద 1998 అని పడగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆ మార్చికి మా ఏనుగు గుండు ఇంకా ఉంది. అవ్వ ఉంది, తాత ఉన్నాడు.

టెడ్ చియాంగ్ కథ ఒకటుంది, ‘మర్చంట్ అండ్ ది ఆల్కెమిస్ట్స్ గేట్’. 2019లో వచ్చిన ‘ఎక్సలేషన్’ సంపుటిలో మొదటి కథ. బాగ్దాద్‌లోని ఒక రసవాది తయారుచేసిన ద్వారాలు. వాటిని దాటితే ఇరవై ఏళ్ల ముందుకో వెనక్కో పోవచ్చు. జరిగినదాన్ని మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఇంకాస్త పూర్తిగా తెలుసుకోవచ్చు, అంతే. చనిపోయిన భార్య కోసం అలాంటి ద్వారం దాటిన వర్తకుడికి దక్కింది అదే, ఆమె ఆఖరి మాటలు. ఈ కథ చదివాక నాకు ఆ ద్వారం దొరికితే ఏం చేస్తానో తేలిపోయింది. నేను ఏ యంత్రాన్నీ ఆపను. ఒక నోటుపుస్తకం పట్టుకుపోయి తాత పక్కన బండ మీద కూర్చుని, గుండ్ల పేర్లన్నీ ఒకటొకటిగా అడిగి రాసుకుంటాను. ఏ గుండు ఎక్కడ, ఏ పేరు ఎందుకు. నాకు గుర్తున్నవి కొన్నే. అన్నకు ఇంకొన్ని. పండక్కి కలిసినప్పుడల్లా కూర్చుని కలబోసుకుంటున్నాం. 1996 నుంచి ఈ నగరంలో రాళ్లను కాపాడాలని ఒక సంఘం పనిచేస్తోంది. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు ఆకారపు రాయి ఇంకా నిలిచే ఉంది. మా వాటికి ఆ అదృష్టం లేకపోయింది, పేర్లయినా మిగలాలి.

తెలుగులో రాసేవాళ్ల మీద నాకు ఆశ ఉంది. కాలేజీ రోజుల్లో యండమూరి ‘చీకట్లో సూర్యుడు’ను హాస్టల్లో వంతులేసుకుని చదివాం. అమెరికాలో ఉంటూ వేమూరి వేంకటేశ్వరరావు గారు సైన్సు కథలను శుభ్రమైన తెలుగులో రాశారు. అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’, ‘రీబూట్’ లాంటి కథలు చదివినప్పుడు, ఈ భాష ఏ ఊహనైనా మోయగలదని ధైర్యం వచ్చింది. అయితే ఈ నేల మీద నడిచే పెద్ద నవల కోసం నేను ఇంకా ఎదురు చూస్తున్నాను. అందులో రాయదుర్గం మెట్రో స్టేషను ఉండాలి, 2020లో దుర్గం చెరువు మీద కట్టిన తీగల వంతెన ఉండాలి. రాళ్లు కొట్టిన వడ్డెర కుటుంబం, తెల్లవారుజామున నాలుగింటికి అద్దాలు తుడవడానికి వచ్చే ఆడవాళ్లు, ట్యాంకరు డ్రైవరు కూడా ఉండాలి. రాక్షసులు తిరిగి వచ్చి తమ గోలీలేవని అడిగినా నాకు సమ్మతమే. అడిగితే జవాబు చెప్పగలిగే మనిషి ఒకరుండాలి ఆ కథలో.

ఎవరైనా రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను, రెండోది మా అన్న కూతురికి. దానికి పన్నెండేళ్లు. పుస్తకంగా వచ్చిన రాతిరథం చేతికిచ్చి నెలయింది. మొన్న ఫోన్ చేసి, "అత్తా, నాకు ఇంకో ఇరవై పేజీలే ఉన్నయ్, తర్వాత మాట్లాడుతా," అని పెట్టేసింది.